పదకొండో నంబరు మోకాలు

ఫుట్‌బాల్ ఆటగాళ్ళు సుఖానికి మరిగారనీ, వాళ్ళది ఒంటికి వంద సేవలు చేయించుకునే బతుకనీ లోకమంతా ఆడిపోసుకుంటోంది. నా మనవి ఒక్కటే. వాళ్ళకు సుఖం ఇంకా సరిపోలేదు!

తొందరపడి పేజీ తిప్పకండి. నేనేదో సరదాకి అంటున్న మాట కాదిది. ఈ పేజీ కుడివైపు మూలన కూర్చుని ఇరవై రెండేళ్ళుగా లోకాన్ని చక్కదిద్దుతున్నవాణ్ణి. లోకం చక్కబడలేదు, అది వేరే సంగతి.

ముందు అభియోగాలు చూద్దాం. మా ఊరి క్లబ్బులో ఒక పేరుమోసిన ఆటగాడున్నాడు. చొక్కా మీద నంబరు పదకొండు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది గానీ దాన్ని ఎవరూ వాడరు. ఊరంతా అతన్ని 'పదకొండు' అనే అంటుంది. ఆ కుర్రాడి మీద జనం చెప్పే చాడీలన్నీ రాస్తే ఆదివారం అనుబంధం చాలదు.

మ్యాచ్ మ్యాచ్‌కీ అతనికి కొత్త మేజోళ్ళు కావాలి. పోనీ కొత్తవి కొత్తగా వేసుకుంటాడా? వేసుకోడు. పిక్కల దగ్గర కత్తెరతో బొక్కలు పెట్టించుకుని మరీ వేసుకుంటాడు. బిగుతుగా ఉంటే పిక్కలకు ఊపిరాడదట. ఆ బొక్కలు పెట్టడానికి ఒక మనిషి, ఆ మనిషికి ఒక కుర్చీ. 'మా చిన్నప్పుడు చిరిగిన మేజోళ్ళు కుట్టుకుని వేసుకునేవాళ్ళం' అని పెద్దలు ముక్కున వేలేసుకుంటున్నారు. నేనడుగుతాను, కుట్టుకుని మీరేం సాధించారు? మీ పిక్కల్ని ఎవరైనా ఒక్కసారైనా పలకరించారా?

ఏ ఊరెళ్ళినా అతని తలగడ అతని వెంటే వెళ్తుంది. దానికి విడిగా ఒక పెట్టె, పెట్టెకు తాళం. జుట్టు కత్తిరించే బార్బర్ కూడా టీమ్‌తో పాటే విమానం ఎక్కుతాడు. ఇంట్లో కుక్కకు ఏసీ గది ఉంది. మా ఆవిడ ఈ సంగతి చదివి, మా పడగ్గది ఫ్యాన్ వైపు కాసేపు చూసి, పత్రిక మడిచిపెట్టింది.

ఇవన్నీ చిల్లర నేరాలు. అసలు నేరం పడిపోవడం. ఎదుటి జట్టువాడి చొక్కా గాలి సోకితే చాలు, మన పదకొండు గడ్డి మీద పడి, ఏదో ఒక కాలు పట్టుకుని, నాలుగు దొర్లు దొర్లుతాడు. ఆట ఆగిపోతుంది. ఒకడు ఐసు సంచి తెస్తాడు, ఒకడు స్ప్రే కొడతాడు, ఇద్దరు స్ట్రెచర్ పట్టుకుని పరుగెత్తుతారు. నలభై వేల మంది ఊపిరి బిగబడతారు. రెండు నిమిషాల తర్వాత అతను లేచి జింకపిల్లలా పరుగెత్తుతాడు. జనం పళ్ళు కొరుకుతారు.

అయ్యా, ఇందులో తప్పేముంది? తగిలితే పడాలి. నొప్పెడితే అరవాలి. పుట్టిన ప్రతి బిడ్డా చేసే మొదటి పని అదే. మధ్యలో మనకెవరో 'ఓర్చుకో' అని చెప్పారు, మనం నమ్మాం.

నా సంగతే చూడండి. మా ఎడిటరు గారు మాటలతో నన్ను ఎన్నిసార్లు తన్నలేదు! నేనెన్నడైనా ఆఫీసు కార్పెట్ మీద పడి దొర్లానా? 'థాంక్యూ సార్' అంటూ బయటికొచ్చి, మెట్ల దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. ఏ రిఫరీ అయినా ఈల ఊదాడా? ఎర్ర కార్డు చూపించాడా? బస్సులో ఒక పెద్దమనిషి నా కాలు తొక్కి, అదే కాలి మీద నాలుగు స్టాపులు ప్రయాణం చేశాడు. దిగేటప్పుడు 'సారీ' అంటే, 'పర్వాలేదండీ' అన్నాను. నాలుగు స్టాపుల నొప్పిని ఒక్క మాటతో దానం చేసేశాను. అందుకే నా ప్రతిపాదన ఏమిటంటే, బడిలో ఎక్కాలతో పాటు పడిపోవడం కూడా నేర్పాలి. వారానికి రెండు పీరియడ్లు చాలు.

ఇంతకీ ఆ క్లబ్బు లోపలి ముచ్చట్లు నాకెలా తెలుసంటారా? మా బావమరిది అక్కడే పనిచేస్తాడు. ఆటగాడు కాదు లెండి. స్టేడియంలో గడ్డి చూసుకునే మనిషి. పంతొమ్మిదేళ్ళుగా అదే గడ్డి, అదే మనిషి. మా ఇంటికి వస్తే అక్కను పలకరించే ముందు గుమ్మం పక్కన మొలిచిన గడ్డిని పలకరిస్తాడు. 'దీనికి నీళ్ళెక్కువైనాయి బావా' అంటాడు. నాకు జ్వరమొచ్చి నెల రోజులు పడుకుంటే మాత్రం 'చిక్కావు' అని కూడా అనలేదు.

అతని పని మీకు కాస్త చెప్పాలి. పదకొండుకు ఒక అలవాటు ఉంది. గోల్ కొట్టగానే మూల జెండా వైపు పరుగెత్తి, మోకాళ్ళ మీద పడి, పదిహేనడుగులు జారతాడు. ఆ ఫొటో గోడల మీద, బిస్కెట్ ప్యాకెట్ల మీద, పిల్లల టిఫిన్ డబ్బాల మీద మీరు చూసే ఉంటారు. మీరు చూడనిది ఆ తర్వాత గడ్డి మీద మిగిలే రెండు చాళ్ళు. మర్నాడు పొద్దున్నే మా వాడు అదే చోట మోకాళ్ళ మీద కూర్చుంటాడు. మూడు పళ్ళ చిన్న ఫోర్కుతో లేచిన గడ్డిని సర్ది, కింద ఇసుక పోసి, విత్తనం వేసి, అరచేత్తో అదుముతాడు. అంగుళం అంగుళం. దానికి యంత్రం లేదు. ఉన్నా మా వాడు నమ్మడు. ఒకడు మోకాళ్ళతో దున్నుతాడు, ఒకడు మోకాళ్ళ మీద కూర్చుని పూడుస్తాడు. మొదటివాడికి చప్పట్లు పడతాయి.

రెండేళ్ళుగా మా బావమరిది మెట్లు అడ్డంగా దిగుతున్నాడు, పీతలాగా. ఏమైందిరా అని అక్క అడిగితే 'చెప్పులు జారుతున్నాయి' అంటాడు. ఒకరోజు పొద్దున అతను గోల్‌పోస్టు పట్టుకుని లేవలేక లేవడం, క్లబ్బులో ఆటగాళ్ళ కండరాలు సరిచేసే ఫిజియో కంటపడింది. ఇద్దరూ రోజూ కలిసి టీ తాగే స్నేహితులు. ఫిజియో అతన్ని బలవంతంగా క్లబ్బులోని స్కానింగ్ గదికి లాక్కెళ్ళాడు.

అక్కడే వచ్చింది చిక్కు. ఆ యంత్రం ఆటగాడి నంబరు కొడితే గానీ కళ్ళు తెరవదు. గడ్డి చూసుకునేవాడికి నంబరెక్కడిది? ఫిజియో చేతికి అలవాటైన నంబరు కొట్టేశాడు. పదకొండు. ఫొటో చూసుకుని, తర్వాత చెరిపేద్దాం అనుకున్నాడు పాపం. ఆ నంబరు మీద తీసిన ఏ ఫొటో అయినా అదే క్షణంలో ఆరుగురు డాక్టర్ల ఫోన్లకు వెళ్ళిపోయే ఏర్పాటు ఉందని అతనికి తెలియదు.

ఆరుగురూ అదిరిపడ్డారు. 'ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి. ఈ మోకాలితో మనిషి నడవడమే వింత. ఇంకో రెండు వారాలు ఇలాగే నిలబడితే జన్మంతా కుంటే. తక్షణం ఆపరేషన్' అని తేల్చారు. ప్రాక్టీసులో గంతులేస్తున్న పదకొండును నలుగురు మోసుకెళ్ళి మంచం మీద పడేశారు.

'నాకు నొప్పి లేదు సార్' అన్నాడట కుర్రాడు.

'నొప్పి కూడా తెలియనంత పాడైందన్నమాట' అన్నాడట పెద్ద డాక్టరు.

కాలు తాడు కట్టి పైకెత్తారు. గంటకోసారి ఐసు. క్లబ్బు గేటు ముందు జనం పూలు పెట్టారు. ఆరు వారాలు ఆడలేడని ప్రకటన వచ్చింది. ఒక పెద్ద మనసున్న అభిమాని తన మోకాలు ఇస్తానని రాశాడు. ఫిజియో మాత్రం మా బావమరిదిని పక్కకు తీసుకెళ్ళి, 'నోరెత్తావంటే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి' అన్నాడు. మా వాడు నోరెత్తలేదు. ఆ కాలితోనే గేటు ముందు వాడిన పూలు ఎత్తిపోశాడు.

ఇక మీ కాలమిస్టు ఊరుకుంటాడా? నాకప్పటికి ఈ గూడుపుఠాణీ ఏమీ తెలియదు. మూడోరోజే ఇదే మూలన ఒక ముక్క రాశాను. చదివే ఉంటారు. 'మోకాలు కాస్త నొప్పెడితే ఆరు వారాల పడకా? ఇదీ ఈనాటి సుకుమారం! అదే క్లబ్బులో నాకు తెలిసిన ఒక శ్రామికుడున్నాడు. రోజంతా మోకాళ్ళ మీదే పని. పంతొమ్మిదేళ్ళలో ఏనాడూ అబ్బా అనలేదు. అదీ మగతనం, అదీ శ్రమ సౌందర్యం!' అని రాశాను. మెత్తటి కుర్చీలో కూర్చుని, నడుముకు దిండు పెట్టుకుని రాశాను. ఎడిటరు గారు మొదటిసారి భుజం తట్టారు. నూట నలభై ఉత్తరాలు వచ్చాయి.

నాలుగోరోజు ఆపరేషన్‌కి ముందు మళ్ళీ ఫొటో తీశారు. పదకొండు మోకాలు షాపులో కొత్త గిన్నెలా మెరుస్తోంది. అప్పుడు ఫిజియో ఏడ్చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మా బావమరిదిని పిలిపించి తలుపు దగ్గర నిలబెట్టారు. తర్వాత అతను నాకు చెప్పిందే మీకు చెబుతున్నాను.

మేనేజరు గారు గుండె మీద చెయ్యి వేసుకుని, 'హమ్మయ్య! మన గడ్డాయనదేనా, చంపావు కదయ్యా' అన్నారట. గదంతా నవ్వులు. తక్షణం ఆపరేషన్ అన్న పెద్ద డాక్టరే ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడట. అదే మోకాలు. అదే ఫొటో. పొద్దున ఊరికి ప్రమాదం, మధ్యాహ్నానికి శుభవార్త!

నవ్వనిది ఒక్కడే. మంచం మీద ఉన్నవాడు. ఆ తలగడ పెట్టెవాడు.

'సరే, మరి ఆ కాలికి ఆపరేషన్ ఎప్పుడు?' అన్నాడట.

'సీజన్ అయ్యాక చూద్దాంలే' అన్నారు మేనేజరు గారు. సీజన్ అవడానికి నాలుగు నెలలుంది.

కుర్రాడు కాలికి కట్టిన తాడు తనే విప్పుకుని, మంచం దిగి తలుపు దగ్గరికి వచ్చాడట. 'అన్నా, నీ కాలికి నేను నాలుగు రోజులు పడుకున్నాను. ఇంక నువ్వు పడుకో. డాక్టరుతో నేను మాట్లాడతా, నువ్వు సెలవు పెట్టు' అన్నాడట. మాట్లాడాడు కూడా. మంచం ఖాళీగా ఉంది, కత్తి సిద్ధంగా ఉంది. మొన్న శనివారం అతను గోల్ కొట్టి, జారకుండా నిలబడే చెయ్యి ఊపాడు. జనం ఈలలు వేసి గోల చేశారు. మన కోసం మోకాళ్ళ మీద పడటానికి కూడా ఒళ్ళు వంగడం లేదని, పొగరు తలకెక్కిందని.

సోమవారం మా బావమరిది సెలవు చీటీ పట్టుకుని మేనేజరు గారి గదికి వెళ్ళాడు. ఆయన చీటీ చదవలేదు. సొరుగు లాగి, అందులోంచి శ్రద్ధగా కత్తిరించి పెట్టుకున్న ఒక పత్రిక ముక్క తీసి బల్ల మీద పెట్టారు.

'మీ బావగారు రాసిందేగా ఇది? నీ గురించేనని అందరికీ తెలుసు. నేను చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నానయ్యా. ఏనాడూ అబ్బా అనని మనిషివి, ఇప్పుడంటావా?'

మా వాడు చీటీ మళ్ళీ జేబులో పెట్టుకుని, వెళ్ళి గడ్డికి నీళ్ళు పెట్టాడు.

నిన్న మా ఇంటికి వచ్చాడు. ఎప్పటిలాగే ముందు గడ్డిని పలకరించాడు, కానీ వంగలేదు, నిలబడే పలకరించాడు. మా ఆవిడ ఎదురుగా కూర్చోబెట్టి, 'నిజం చెప్పు, నొప్పిగా ఉందా?' అని అడిగింది. అతను నా వైపు ఒకసారి చూశాడు. కోపంగా కాదు. కోపంగా చూసి ఉంటే నాకు హాయిగా ఉండేది. నా పరువు ఎక్కడ పోతుందో అన్నట్టు చూసి, 'లేదక్కా' అన్నాడు.

ఫుట్‌బాల్ ఆటగాళ్ళకు సుఖం ఎక్కువైందా లేదా అన్నది మీరే తేల్చుకోండి. నాకు తెలిసిన సుఖపురుషుడు ఒక్కడే. ఇంకొకడి నొప్పిని మెచ్చుకుని, భుజం తట్టించుకుని, నూట నలభై ఉత్తరాలు మూట కట్టి అటక మీద పెట్టుకున్నవాడు.

డాక్టరు చెప్పిన రెండు వారాల్లో ఇవాళ్టికి పన్నెండు రోజులు అయిపోయాయి. కాబట్టి మేనేజరు గారూ, కత్తెర తీయండి. ఈ ముక్క కూడా కత్తిరించి మీ సొరుగులో ఆ ముక్క పైన పెట్టుకోండి. నిన్న మా బావమరిది మా మెట్లు దిగుతూ, ఎవరూ లేరనుకుని, గోడ పట్టుకుని 'అబ్బా' అన్నాడు. నేను విన్నాను.