చావని పురుగుకు సన్మానం చేయాలి

మందు కొట్టినా చావని పురుగు మన దేశానికి దొరికిన వరం! కోప్పడకండి. పలమనేరులో ఇరవై రెండేళ్లుగా పురుగు మందుల షాపు నడుపుతున్న దామోదరం అనే నేను, అనుభవంతో చెబుతున్నాను.

ఆలోచించండి. పురుగు ఒక్క డోసుకే చచ్చి ఊరుకుంటే నా గతేమిటి? కంపెనీలు కొత్త మందు ఎందుకు కనిపెడతాయి? డీలర్లను గోవా ఎవరు తీసుకెళతారు? నేను నిక్కరు వేసుకుని సముద్రంలో నిలబడి ఫొటో దిగానంటే, ఆ పుణ్యమంతా టమోటా ఆకు తొలిచే పురుగుదే!

ఇంతకీ ఆ పురుగు ఎందుకు చావదు? దీనికి నా దగ్గర రెడీమేడ్ జవాబు ఉండేది. "మందుకు అలవాటు పడిపోయిందప్పా. నేర్చేసుకుంది." రైతు తలూపేవాడు. నేను పై అరలోంచి ఇంకా ఘాటైన డబ్బా దించేవాణ్ణి. సైన్సంటే అంతే కదా!

పోయిన వేసవిలో కృపామణి వచ్చి ఈ సైన్సును చెడగొట్టింది. ఎకరం టమోటా, కొన్ని కోళ్లు, ఏడో తరగతి చదువు. అదీ ఆమె ఆస్తి. ప్లాస్టిక్ కవరులో తెచ్చిన ఆకులు నా బల్ల మీద కుమ్మరించింది.

"మూడు తడవలు కొట్టినానన్నా. సూడు, ఎట్ట పాకతా ఉండాయో! రెండో కోత కూడా కాలా, తోటంతా పోతా ఉండాది."

నేను అలవాటుగా, "నేర్చేసుకుంది తల్లీ" అన్నాను.

"సచ్చిపోయినది యాడ నేర్చుకుంటుందన్నా? సావనిదానికి నేర్చుకునే పనేముండాది?"

పై అర వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"మా కోళ్లకు రోగం తగిలినప్పుడు ముప్పైలో రెండు పెట్టలూ ఒక పుంజూ మిగిలినాయి. అవేం నేర్చుకోలా. వాటి ఒంట్లోనే ఏదో ఉండాది. ఇప్పుడుండేవన్నీ వాటి పిల్లలే. పురుగూ అంతే గదా? నువ్విచ్చిన మందు మెత్తటివాటిని సంపేసి, మొండివాటిని పిల్లలు పెట్టుకోమని వదిలేసినాది."

అయ్యా, సరిగ్గా ఇదే మాట ఒక శాస్త్రవేత్త డీలర్ల ట్రైనింగులో చెప్పాడు! జీవశాస్త్రంలో "ఎందుకు" అంటే రెండు జవాబులుంటాయట. పురుగు ఒంట్లో మందు విరిగిపోతుంది, అందుకే చావదు. ఇది దగ్గరి కారణం. తోటలో అలాంటివే ఎందుకు మిగిలాయి? తరం తర్వాత తరం మిగతావాటిని మనమే ఏరి చంపాం గనక. ఇది దూరపు కారణం. మొదటిది నోట్సు రాసుకున్నాను. రెండోది చెబుతుండగా బిర్యానీ వచ్చింది. పైగా ఆ జవాబులో నా షాపు అడ్రసు వినిపించింది!

"ఇప్పుడేం సేసేదన్నా?" అంది కృపామణి.

సిగ్గేసింది. గోడౌను మూలన దుమ్ము పట్టి ఉన్న బుట్టలు తెచ్చిచ్చాను. మగ పురుగులను వాసనతో రప్పించి పట్టే బుట్టలవి. పురుగున్న ఆకులు తుంచి కాల్చేయమన్నాను. సగం తోట పోయింది. సగం నిలిచింది.

నేను మారిపోయాను! ఆ తర్వాత వెంకటముని అనే రైతు వస్తే కూర్చోబెట్టి, అరగంట సేపు అసలు కారణం చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "బాగా సెప్పినావబ్బా" అని మెచ్చుకున్నాడు. లేచి, రోడ్డు దాటి, ఎదురు షాపులో అన్నిటికన్నా పెద్ద డబ్బా కొన్నాడు.

ఆ వారంలో పదిమంది నా ఉపన్యాసం విన్నారు. పదిమందీ రోడ్డు దాటారు. మరుసటి వారం నేను పెద్ద డబ్బాలన్నీ ముందు వరసలో పేర్చి, నోరు మూసుకున్నాను. జనం తిరిగొచ్చారు!

ఇంకొన్ని బుట్టల కోసం వచ్చిన కృపామణి ఆ వరస చూసి నిలబడిపోయింది.

"ఏందన్నా ఇది?"

"నిజం చెప్పే షాపు నిలవదు తల్లీ. ఈ వీధి చివర మునికృష్ణ అట్లా చెప్పీ చెప్పీ షట్టర్ దించేసినాడు. మిగిలింది నేనూ, ఎదురాయనా."

ఆమె నా డబ్బాల వరసనూ, రోడ్డు అవతలి షాపునూ చూసింది. కోప్పడుతుందనుకున్నాను. జాలిగా చూసింది.

"అయితే ఆ మొండి పురుగు మాదిరే నిన్ను గూడా మేమే తయారు సేసినామన్నమాట."