సెలవు చీటీ లేని చావు

సెలవు మంజూరు కాకుండానే చనిపోయిన నేరానికి సిపాయి పైల అప్పలసూరిని మంగళవారం ఉదయం పదిన్నరకు సైనిక న్యాయస్థానంలో విచారణకు పిలిచారు. సమన్లు శనివారమే శ్మశానానికి అందాయి. అతను ఒక గంట ముందే వచ్చి వరండాలో నిటారుగా నిలబడ్డాడు. ఎడమ జేబు పైన తుపాకీ గుండు చేసిన చిల్లుని కంపెనీ దర్జీ నీటుగా రఫూ చేసిపెట్టాడు. చిరిగిన యూనిఫారంతో కోర్టుకి రావడం వేరే నేరం కిందికి వస్తుంది మరి.

అతని తరఫున వాదించాల్సిన దుంపల సుహాసిని ఇంకా సైన్యంలో చేరలేదు. చేరాలా వద్దా అని ఆలోచిస్తోంది. అలా ఆలోచించేవాళ్ళకి సైనిక న్యాయవిభాగం ఒక రోజు, ఒక అసలు కేసు ఇస్తుంది. సాయంత్రం అయిదు గంటలకు ఒప్పంద పత్రం ముందు పెడుతుంది. ఇష్టమైతే సంతకం, లేకపోతే ఇంటికి.

రెండేళ్ళుగా ఆమె టెక్కలిలో ఒక పెద్ద ప్లీడరు గారి దగ్గర జూనియరుగా ఉంది. ఆ రెండేళ్ళలో కోర్టులో ఆమె పలికిన వాక్యం ఒక్కటే: "వాయిదా ఇప్పించండి సార్." గట్టు తగాదాల కాగితాలు మోసి మోసి భుజం ఒక పక్కకి వంగింది. ఇక్కడ తనకో గది, తన పేరు రాసిన అట్టముక్క, ఎదురుగా తన సొంత క్లయింటు. పొద్దుట పెట్టిన ఉప్మా కూడా సయించలేదు, అంత సంబరంగా ఉంది.

"కూర్చోండి అన్నా," అంది.

"పరవానేదమ్మా. నిలబడడం అలవాటే."

"ఎందుకు చనిపోయారు?"

"గుండు తగిలిందమ్మా."

"పోయేముందు పై అధికారిని ఎవరినైనా అడిగారా?"

"అడుగుదావనే నోరు తెరిసినాను. ఈలోగానే అయిపోనాది." అప్పలసూరి తల దించుకున్నాడు. "ఒప్పీసుకుంటానమ్మా. తప్పు నాదే. పోస్టు ఒగ్గీసినాను గదా."

"అయ్యో, ఒప్పుకోకండి!" అని సుహాసిని కంగారుపడింది. నేరం రుజువైతే అమరుల రాతిపలక మీద అతని పేరు చెక్కరు. రికార్డుల్లో 'పారిపోయినవాడు' అని రాస్తారు. ఆ మాట ఊళ్ళో భార్య గౌరీశ్వరి నెత్తిన జీవితాంతం ఉంటుంది. ఆమె కూడా వచ్చింది. టిఫిన్ క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని బయట బల్ల మీద కూర్చుంది.

"సర్వీసులో ఎప్పుడైనా సెలవు అడిగారా?"

"ఒక్కపాలే. గాలివానకి మా ఇంటి రేకులు ఎగిరిపోనాయి. నవంబరు రెండో తారీకున పదైదు రోజులకి అర్జీ ఎట్టినాను. జవాబు రానేదు."

"చనిపోయింది?"

"డిసెంబరు అయిదు."

సుహాసిని సెలవు నిబంధనల పుస్తకం తెరిచింది. మూడో అధ్యాయంలో, మూలికలు తవ్వుతున్నట్టు వేలు పెట్టి వెతుకుతూ పోయింది. పదకొండో పేరాలో వేలు ఆగింది. ముప్పై రోజుల్లోగా జవాబు ఇవ్వని అర్జీ, ముప్పై ఒకటో రోజు నుంచి మంజూరైనట్టే భావించవలెను. వేళ్ళ మీద లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. డిసెంబరు మూడు! లేచిన విసురుకి కుర్చీ వెనక్కి పడింది.

"అన్నా! మీరు పోయేనాటికి సెలవులో ఉన్నారు!"

"ఔనా అమ్మా?" అన్నాడు అప్పలసూరి ఆశ్చర్యపోయి. "నాకు తెల్దు."

విచారణ పద్ధతి ప్రకారం నడిచింది. డిసెంబరు అయిదు సాయంత్రం ఆరింటికి హాజరు పిలిచినప్పుడు ముద్దాయి పలకలేదని హవల్దారు సాక్ష్యం చెప్పాడు. మూడుసార్లు పిలిచాననీ, పక్కనే పడి ఉండి కూడా పలకలేదనీ అన్నాడు. ప్రాసిక్యూషన్ తరఫున మేజర్ దక్షిణామూర్తి లేచాడు.

"కాల్చింది శత్రువు. దాన్ని మేం కాదనడం లేదు. కానీ చనిపోయింది ముద్దాయి. శత్రువు చేసిన పనికి శత్రువు జవాబుదారీ, ముద్దాయి చేసిన పనికి ముద్దాయి జవాబుదారీ."

సుహాసిని లేచింది. అర్జీ ఇన్‌వార్డు రిజిస్టరు తెప్పించమంది. నవంబరు రెండు ముద్ర చూపించింది. జవాబు గడి ఖాళీగా ఉండటం చూపించింది. పదకొండో పేరా చదివింది. రెండేళ్ళుగా గొంతులో పేరుకున్న మాటలన్నీ గట్టు తెగిన కాలువలా వచ్చేశాయి. టైపిస్టు టైపు చేయడం మానేసి వినసాగాడు.

అధ్యక్షస్థానంలో ఉన్న కల్నల్ కళ్ళద్దాలు తీశాడు. "తను సెలవులో ఉన్నట్టు ముద్దాయికి తెలుసా?"

"తెల్దు బాబూ," అన్నాడు అప్పలసూరి. "తెలిస్తే ఇంటికెల్లీవోణ్ణి."

"తెలియకపోవడం సెలవుని రద్దు చేయదు," అన్నాడు కల్నల్.

మేజర్ పుస్తకం తెప్పించుకుని పదకొండో పేరా తనే చదువుకున్నాడు. "సెలవులో సిపాయి సొంత పనులు చూసుకోవచ్చు," అని ఒప్పుకున్నాడు. "చావు సొంత పనే."

నిర్దోషి అని తీర్పు వచ్చింది. మేజర్ స్వయంగా వచ్చి కరచాలనం చేశాడు. సుహాసినికి చెవుల్లో డప్పులు మోగుతున్నాయి. అందుకే తీర్పు రెండో పేరా సగం నుంచి విన్నది. సెలవు డిసెంబరు పదిహేడుతో ముగిసింది. ఆ తర్వాతి గైర్హాజరుని న్యాయస్థానం దయతో మన్నిస్తోంది. సిపాయి రేపు ఉదయం ఆరు గంటలకు అదే పోస్టులో తిరిగి చేరవలెను.

అప్పలసూరి సెల్యూట్ కొట్టాడు.

సుహాసిని తీర్పు ప్రతి తీసుకుని రెండుసార్లు చదివింది. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని చూసింది. దొరకలేదు. ప్రతి వాక్యమూ తన వాదనలోంచే పుట్టింది. ఒక్క క్షణం ఆమెకి ఏదోలా అనిపించింది. ఆ వెంటనే, ఎంత చక్కగా రాశారు అనిపించింది.

వరండాలో గౌరీశ్వరి లేచి నిలబడింది. "గెలిసినామా అమ్మా?"

"గెలిచాం! పారిపోయాడని ఎవరూ అనరు."

"మరి రాయి మీద పేరెడతారా?"

"పెట్టరు. ఆయన డ్యూటీలో ఉన్నట్టు లెక్క."

గౌరీశ్వరి నుదురు తడుముకుంది. "అయితే నాను బొట్టు ఎట్టుకోవాలా, మానీయాలా?"

సుహాసిని పుస్తకం తిరగేసింది. ఆ విషయం అందులో లేదు. "మీ ఇష్టం," అంది.

"ఇంటికి రేకులెయ్యాలమ్మా. రొండ్రోజులు పంపరా?"

"ఆ సెలవు వాడేసుకున్నట్టే. చేరాక మళ్ళీ అర్జీ పెట్టుకోవచ్చు."

గౌరీశ్వరి ఏడవలేదు. క్యారేజీ భర్త చేతికిచ్చింది. "బతికున్నప్పుడూ ఇంతే గదమ్మా," అంది. "అర్జీ ఎట్టినానని ఫోన్ సేసీవోడు. నాను ఎదురుసూసీదాన్ని." అప్పలసూరి మూత తీసి చేపల పులుసు వాసన చూశాడు. తినడం ఇప్పుడు కుదరదు గనక మూత పెట్టి చంకన పెట్టుకున్నాడు. ఇద్దరూ గేటు దాకా కలిసి నడిచారు. అక్కణ్ణించి అతను లారీ వైపు, ఆమె బస్టాండు వైపు వెళ్ళారు.

అయిదు గంటలకు గుమాస్తా ఒప్పంద పత్రం తెచ్చాడు. కల్నల్ వెనకే వచ్చి, "తొందరేమీ లేదమ్మా, పూర్తిగా చదువుకో," అన్నాడు. సుహాసిని పూర్తిగా చదివింది. తొమ్మిదో షరతు దగ్గర ఆగింది: సర్వీసు వదిలే వరకూ అభ్యర్థి సర్వీసుకు చెందును, మరణం వదలడం కిందికి రాదు. లాయరు కళ్ళతో చూస్తే ఆ వాక్యంలో ఒక్క కామా కూడా వదులుగా లేదు. ఇలాంటి వాక్యాల మధ్య బతకొచ్చు కదా అనుకుంది. సంతకం పెట్టి, కింద తేదీ వేసింది.

"రేపు ఏ కేసు సార్?" అని అడిగింది. కూర్చోలేకపోతోంది.

"మూడో కంపెనీ. నూట పన్నెండు మంది. అంతా ఒక్క రోజునే పోయారు. ఎవరూ అర్జీ పెట్టినట్టు కనపడటం లేదు."

"కొందరైనా పెట్టి ఉంటారు సార్. వాళ్ళని ఇప్పుడే అడగొచ్చా?"

వాళ్ళు అప్పటికే వరండా పొడుగునా వరసగా నిలబడి ఉన్నారు. సుహాసిని కొత్త నోటుపుస్తకం తీసింది. పేజీకి అడ్డంగా గీత కొట్టి, తలుపు తెరిచి, మొదటివాణ్ణి లోపలికి రమ్మంది.