ఐసు ఫ్యాక్టరీలో కుశలప్రశ్నలు

ఆ రోజు పొద్దున నరేంద్రబాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం దాకా ఎవరి మీదా నోరు చేసుకోకూడదు. అంతే.

చిన్నదే గానీ ఆయన్ను ఎరిగినవాళ్ళెవరూ నమ్మే పథకం కాదది. బోగోలు మండలంలో సముద్రానికి కూతవేటు దూరంలో ఆయనకు ఐసు ఫ్యాక్టరీ ఉంది. ఆయన గేటు దగ్గర అరిస్తే రేవులో కాకులు లేస్తాయి. పోయినేడు ఆ నోటికి జడిసి ముగ్గురు పనివాళ్ళు ఒకే వారంలో మానేశారు. సరిగ్గా వేట నిషేధం ముగిసే రోజున పడవలకు కావలసిన ఐసులో సగమే అందింది. "ఈ యేడు కూడా ఇట్నే అయితే మేం కావలి ఫ్యాక్టరీకి పోతాం అన్నా" అని పడవల సంఘం పెద్ద అశోక్ మొహం మీదే చెప్పేశాడు. సంఘంలో ఉన్న అరవై పడవలూ పోతే నరేంద్రబాబు తాళం వేసుకుని ఇంట్లో కూర్చోవలసిందే.

ఆ రోజు మళ్ళీ రానే వచ్చింది. రెండు నెలల నిషేధం అర్ధరాత్రితో తీరిపోతుంది. తెల్లారి పడవలు సముద్రం మీదికి పోతాయి. సాయంత్రం ఐదుకల్లా ఆరువందల ఐసు దిమ్మెలు రేవుకు చేరాలి.

ఇదంతా ముందే ఊహించిన ఆయన భార్య సాయిలక్ష్మి, మొగుణ్ణి నెల్లూరులో రెండు రోజుల శిక్షణకు తోలింది. పురాణపురుషులు తమవాళ్ళ మనసులు ఎట్లా గెలుచుకున్నారో వ్యాపారులకు నేర్పే తరగతులవి. నరేంద్రబాబు శ్రద్ధగా మూడు పాఠాలు డైరీలో రాసుకొచ్చాడు. అడవిలో భరతుడు కనబడగానే రాముడు ముందు కుశలం అడిగాడు, వేళకు నిద్రపోయి వేళకు లేస్తున్నావా, కొలువులో వాళ్ళకు కూడూ జీతమూ సరిగ్గా అందుతున్నాయా అని. ఇది మొదటిది. సీత జాడ తెచ్చిన హనుమంతుడికి ఇవ్వడానికి ఇంకేమీ లేదంటూ కౌగిలి ఇచ్చాడు. ఇది రెండోది. ఇక మూడోది, అర్జునుడు విల్లు పడేసి ఏడుస్తుంటే కృష్ణుడు అడ్డు తగల్లేదు, అంతా చెప్పుకోనిచ్చి అప్పుడు నోరు విప్పాడు.

"మూడూ గుర్తుండాయి గదా?" గుమ్మంలో సాయిలక్ష్మి అడిగింది.

"అడగాల, కౌగిలించుకోవాల, నోరు మూసుకోవాల."

"ఆ మూడోది మన పెళ్ళినాడే నేర్చుకోనుంటే ఎంత బాగుండేది! సరే, పోయి రండి."

ఫ్యాక్టరీలో మస్తానమ్మ గొట్టంతో ఐసు దిమ్మెల డబ్బాలకు నీళ్ళు పడుతోంది. ఆమె ఇల్లు ఫ్యాక్టరీ గోడకు ఆనుకునే ఉంది. యజమాని ఎదురుగా వచ్చి నిలబడేసరికి, తిట్లకు సిద్ధమై అలవాటుగా తల వంచింది.

"మస్తానమ్మా, రాత్రి నిద్ర బాగా పట్టిందా?"

ఎవర్ని అడుగుతున్నాడోనని మస్తానమ్మ వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

"నిద్రా? యాడ పడద్ది సామీ! గోడవతల మీ మోటారు మూడు దినాలుగా ఒకటే గురక."

నరేంద్రబాబు డైరీ తీసి 'మస్తానమ్మ, నిద్ర లేదు' అని రాసుకున్నాడు. "పడుకోబొయ్యే ముందు గోరువెచ్చని పాలు తాగు. ఇంట్లో అందరూ కులాసానా?" అని నవ్వి ముందుకు సాగాడు. అట్లా పదకొండు మందినీ అడిగాడు, పదకొండు మందికీ పాలు తాగమని చెప్పాడు. మనసు తేలికైంది. ఇంత సులువైన పనికి ఇన్నేళ్ళు గొంతు చించుకున్నానే అని తనమీద తనకే జాలేసింది.

ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. పోయినేడు పక్క ఊళ్ళో రొయ్యల కంపెనీ మూతబడింది. మూసే ముందురోజు ఆ యజమాని పనివాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి, టీ ఇప్పించి, పిల్లాజెల్లా బాగున్నారా అని ఆప్యాయంగా అడిగాడు. మర్నాడు గేటుకు తాళం. మస్తానమ్మ చెల్లెలు ఆ టీ తాగినవాళ్ళలో ఒకతె.

"కోడిని కోసేముందే గదా నూకలేసి బో బో అని పిలిచేది!" మస్తానమ్మ పరుగున పోయి మోటారు చూసే సిలార్ చెవిన వేసింది. "ఫ్యాక్టరీ అమ్మేస్తుండాడు. రాసి పెట్టుకో."

సిలార్ ఇరవై రెండేళ్ళుగా అక్కడే పనిచేస్తున్నాడు. "మేయ్, వాళ్ళ నాయన కట్టిన ఫ్యాక్టరీ ఇది. ప్రాణం పోయినా అమ్మడు" అని కొట్టిపారేశాడు.

సరిగ్గా అప్పుడే నరేంద్రబాబు రెండో పాఠంతో లోపలికి వచ్చాడు. గ్రీజు మరకలు కూడా చూడకుండా తెల్లచొక్కాతో సిలార్‌ను గట్టిగా కౌగిలించుకున్నాడు. "సిలార్, ఇన్నేళ్ళు నువ్వు చేసిన చాకిరీకి నీకివ్వడానికి నా దగ్గర ఇంకేం లేదు. ఇదే!" అన్నాడు.

సిలార్ బావురుమన్నాడు. పాఠం ఇంత బాగా పనిచేస్తుందని నరేంద్రబాబు కూడా అనుకోలేదు. ఆయన కళ్ళూ చెమర్చాయి. యజమాని కళ్ళు తుడుచుకుంటూ బయటికి రావడం మిగతా పదిమందీ చూశారు. ఇంక చెప్పేదేముంది!

తొమ్మిదింటికి, నరేంద్రబాబు తన గదిలో డైరీ రాసుకుంటుండగా, అందరూ పని ఆపి షెడ్డు కింద చతికిలబడ్డారు. తొమ్మిదిన్నరకు కబురు రేవుకు చేరింది. దారిలో దానికి కాళ్ళూ చేతులూ వచ్చాయి. కొన్నది మద్రాసు ఆసామి అట, సాయంత్రం వచ్చి తాళం వేస్తాడట, ఐసు మొత్తం రొయ్యల లారీలకు తోలేస్తాడట. ఆ ఆసామి పొద్దున సంచీ తగిలించుకుని రావడం కళ్ళారా చూశామన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు చూసింది కరెంటు రీడింగు తీసే మనిషిని. పది కొట్టేసరికి అశోక్ ముప్పై మందితో ఆటోలేసుకుని ఫ్యాక్టరీ మీదికి వచ్చిపడ్డాడు.

"నరేంద్రన్నా! ఫ్యాక్టరీ అమ్మేసినావంట. మా ఐసు సంగతేంది?"

నరేంద్రబాబు గొంతుదాకా ఒక కేక వచ్చింది. మూడో పాఠం గుర్తొచ్చి దాన్ని మింగేశాడు. బోర్లించిన డబ్బా మీద కూర్చుని, చేతులు కట్టుకుని, చిరునవ్వు నవ్వుతూ అందరినీ చెప్పుకోనిచ్చాడు.

"చూడండయ్యా, అమ్మలేదని అనడంలా!" అన్నాడు అశోక్.

"పైగా నవ్వుతుండాడు!" అంది మస్తానమ్మ ముక్కు చీదుతూ. "పాలు తాగమన్నాడు నన్ను. కూలి పొయ్యాక పాలు యాణ్ణించి వస్తాయి సామీ?"

నరేంద్రబాబుకు దవడలు నొప్పి పుట్టాయి. అయినా నోరు విప్పలేదు. ఇంకా ఒక మనిషి మిగిలాడు. సిలార్ కండువాతో కళ్ళొత్తుకుంటూ ముందుకొచ్చాడు.

"పోతుండే మనిషికి చెప్పి లాభంలేదు గానీ, కడుపులో దాచుకోలేక చెప్తుండా బాబూ. మోటారు బేరింగు అరిగిపోయి పది దినాలైంది. కొత్తది కావలి నించి తెచ్చి స్టోరులో పెట్టుండా. మార్చాలంటే రెండు గంటలు మోటారు ఆపాల. ఆపుదామంటే మీరు తిడతారని నోరెత్తలా. ఇట్నే తిరిగితే మధ్యాన్నానికల్లా మోటారు కాలిపోద్ది, ఒక్క దిమ్మె కూడా గట్టిపడదు. ఆ మద్రాసాయనకన్నా చెప్పండి."

నరేంద్రబాబు డబ్బా మీంచి లేచాడు. రాముడూ కృష్ణుడూ తలో దిక్కుకు పోయారు.

"ఒరేయ్ సిలార్! పది దినాలుగా నోట్లో మన్ను పోసుకోనుండావా? మద్రాసాయన ఎవుడ్రా? మా నాయన కట్టిన ఫ్యాక్టరీ నేనెందుకు అమ్మతానురా! ముందు పోయి మోటారు ఆపు! మస్తానమ్మా, ఆ గొట్టంలో నీళ్ళు ఎవురబ్బ సొమ్మని వదిలేసినావు? అశోకూ, దిష్టిబొమ్మ మాదిరి నిలబడకపోతే నీ మనుషుల్ని దిమ్మెలు లాగమనచ్చు గదా!"

రేవులో కాకులు లేచాయి. మస్తానమ్మ మొహం వెలిగిపోయింది.

"తిడతా ఉండాడు! సామి తిడతా ఉండాడు! అమ్ముకునేవోడికి మోటారు పోతే ఏంది, నీళ్ళు పోతే ఏంది! అమ్మలా, అమ్మలా!"

షెడ్డు కింద కూలబడ్డ వాళ్ళంతా ఈలలేసుకుంటూ లేచారు. సిలార్ పరుగెత్తి మోటారు ఆపాడు. పాత బేరింగు చేతిలోకి తీస్తే ముక్కలై రాలింది. ఇంకో గంట తిరిగుంటే ఆ యేటికి ఫ్యాక్టరీ కథ ముగిసినట్టే. నరేంద్రబాబు ఆ ముక్కలను అరచేతిలోకి తీసుకున్నాడు. మస్తానమ్మ పొద్దున్నే చెప్పింది, తను మోటారును వదిలేసి ఆమెకు పాలు తాగమన్నాడు. తన నోటికి భయపడి సిలార్ పది రోజులు మౌనంగా ఉన్నాడు. ఆయనకు నిజంగా సిగ్గేసింది.

"సిలార్, ఇంకమీద మోటారు ఆపాల్సొస్తే నన్ను అడగబాక. ఆపేసి చెప్పు."

"తిట్టరా బాబూ?"

"తిడతాను. అయినా ఆపు."

రెండు గంటలనుకున్నది గంటా ముప్పావులో ముగిసింది. కొట్లాటకొచ్చిన ముప్పై మందీ దిమ్మెలు లాగుతుంటే ఆరువందలూ నాలుగున్నరకే రేవు చేరాయి. "అరగంట ముందే ఇచ్చినావన్నా! మేం ఉన్నంత కాలం ఐసు నీదే" అని అశోక్ అందరి ముందూ చేయి కలిపాడు. తెల్లారి అరవై పడవలూ జెండాలు కట్టుకుని, టపాసులు కాల్చుకుంటూ సముద్రం మీదికి పోతుంటే నరేంద్రబాబు ఒడ్డున నిలబడి గొంతు పోయేలా కేకలు వేశాడు. ఈసారి సంతోషంతో.

అక్కణ్ణించి ఆయన తిన్నగా ఫ్యాక్టరీకి వచ్చాడు. పదకొండు మందీ ఉతికిన బట్టల్లో గేటు దగ్గర వరసగా నిలబడి ఉన్నారు.

"సామీ, రాత్రి నిద్ర బాగా పట్టిందా?" మస్తానమ్మ ఎంతో ఆప్యాయంగా అడిగింది.

"ఇంట్లో అందరూ కులాసానా బాబూ?" అంటూ సిలార్ టీ గ్లాసు చేతికిచ్చాడు.

నరేంద్రబాబు గ్లాసుతో సహా ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఏందిరా, అందరూ కూడబలుక్కోని మానేస్తుండారా?"

"ఛ, ఛ! ఊరికే అడిగినాం సామీ."

ఆ రాత్రి గోరువెచ్చని పాలు రెండు గ్లాసులు తాగినా నరేంద్రబాబుకు నిద్ర పట్టలేదు.