కుడికి లాగే చెయ్యి

ఆ బుధవారం పొద్దున ఎవాల్డోకు ఉన్న పని ఒక్కటే. కమిటీ ముందు తన కాఫీ తానే తాగాలి. ఉబెరాబా ఊరు దాటాక తాను నడుపుతున్న లారీ బోల్తాపడి, మెడ కింద ఒళ్ళంతా చచ్చుబడి ఆరేళ్ళయింది. తలలో పెట్టిన తీగలు అతని తలపును చదివి, బల్లకు బిగించిన ఇనుప చేతిని కదుపుతాయి. ఇవాళ కమిటీకి నచ్చకపోతే ప్రయోగం మూసేస్తారు, తీగలు పీకేస్తారు.

వారం రోజులుగా ఆ చెయ్యి కుడికి లాగుతోంది. ఎవాల్డో ఎవరికీ చెప్పలేదు. స్టీరింగ్ ఒకవైపు లాగితే రెండోవైపు పట్టి నడపాలేగాని షెడ్డుకు పరిగెత్తకూడదన్నది లారీవాళ్ళ పట్టింపు. కప్పుకు జానెడు ఎడమగా తలచుకోవడం మొదలుపెట్టాడు. నాలుగు రోజులకు మెదడే ఆ పని చూసుకోసాగింది.

ఇంజనీరు తాయిస్ ఆ ఉదయమే లాగుడు కనిపెట్టి సరిచేసింది. కంగారుపడతాడని అతనికి చెప్పలేదు.

కమిటీ పెద్ద ఒటావియో తెల్ల ప్యాంటు వేసుకొచ్చి ఎవాల్డోకు ఎడమపక్కన కూర్చున్నాడు. ఇనుప చెయ్యి లేచి, కప్పుకు జానెడు ఎడమగా గాలిని పట్టుకుంది.

"ఏమైందయ్యా నీకు? నిన్న బాగానే పట్టావుగా!" అంది భార్య జుల్మీరా.

"నువ్వుండవే. బండి మారింది."

ఈసారి ఎవాల్డో తిన్నగా తలచాడు. మళ్ళీ ఎడమకే పోతుందని జుల్మీరా కప్పును అటు జరిపింది. పాపమనిపించి తాయిస్ కంప్యూటర్లో పాత లాగుడును తిరిగి పెట్టేసింది. చెయ్యి కుడికి దూకి, అక్కడున్న జున్ను రొట్టెల పళ్ళేన్ని నేలకేసి కొట్టింది.

"నా బండిని ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే ఎవాల్డోగారూ, సాయం చేద్దామని..."

"చేతులున్నవాళ్ళంతా చేతులు తియ్యండి! నేను నడుపుతా!"

పళ్ళు బిగించి ఎడమకు పట్టాడు. కప్పు దొరికింది, లేచింది, గడ్డం దాకా వచ్చింది. ఆ క్షణాన తాయిస్ భయపడి యంత్రాన్ని మళ్ళీ సరిచేసింది. చెయ్యి ఎడమకు తిరిగి, కాఫీ మొత్తం తెల్ల ప్యాంటు మీద గుమ్మరించింది.

తాయిస్ పొద్దుటినుంచి తాను చేసిన మార్పులన్నీ ఒప్పేసుకుంది. జుల్మీరా కళ్ళు మూసుకుంది.

ఒటావియో తుడుచుకుంటూ అడిగాడు, "యంత్రాన్ని మూడుసార్లు మార్చారు, ఇతను రెండుసార్లు దారి వెతుక్కున్నాడు. ఎంతసేపట్లో?"

"నాలుగు నిమిషాలండీ," అంది తాయిస్.

"అద్భుతం. రెండేళ్ళు పొడిగిస్తున్నాం."

జుల్మీరా ఏడ్చేసింది. ఒటావియో వెళ్తూ వెళ్తూ తాయిస్‌ను గుమ్మం అవతలికి పిలిచాడు. "ఇకనుంచి రోజూ పొద్దున యంత్రాన్ని కొత్తగా వంకరపెట్టండి. అతనికి తెలియనివ్వకండి."

ఆ రెండేళ్ళలో ఎవాల్డో మెదడు మీద పదకొండు వ్యాసాలు అచ్చయ్యాయి. కాఫీ మాత్రం జుల్మీరాయే తాగించింది.