రీడింగు రూములో తనిఖీ

తప్పులుంటే మన్నించండి. భర్త పోయాక, యాభై దగ్గరపడుతుండగా అక్షరాలు పట్టినదాన్ని. నేను ఒక వాక్యం రాసేలోపు ఎసట్లో బియ్యం ఉడికిపోతాయి. అయినా లోకానికి తెలియవలసిన సత్యం ఒకటుంది: ఈ యుద్ధం గెలిచేది ఫిరంగులతో కాదు, మా నగర్తపేట రీడింగు రూములో ఆదా చేసిన కిరసనాయిలుతో.

దీన్ని కనిపెట్టినవారు పఠన పొదుపు అధికారి మునినారాయణప్పగారు. (పొదుపు కోసమే ఆ ఉద్యోగం కొత్తగా పుట్టించారు. ఆయనకొక గుమాస్తా, గుమాస్తాకొక జవాను.) మొదట దీపం పోయింది. తరువాత బెంచీలు పోయాయి. నిలబడినవాడు త్వరగా చదివి వెళతాడట. పుస్తకాలు అరిగిపోకుండా బీరువాకు తాళం పడింది. చివరికి మిగిలింది ఒక్క పేపరు.

మధ్యాహ్నం పూట దాన్ని, మా వీధి ఆడవాళ్ళలో చదువొచ్చిన ఒకే ఒక్కతె అనసూయ, పైకి చదివేది. పొయ్యి పని ముగించుకుని వచ్చిన ఆడవాళ్ళం నేల మీద కూర్చుని వినేవాళ్ళం. తరువాత ఆమె నాకు పలక మీద అక్షరాలు దిద్దించేది. నేను నేర్వవలసినవి ఇక ఒత్తులే మిగిలాయి.

అప్పుడొచ్చింది నియమం: వినేవారు చదువరులు కారు, చదువరి ఒక్కరే ఉంటే గది మూత. సోమవారం తనిఖీ.

"ఒత్తులు రాకముందే మూసేస్తారేమే?" అన్నాను.

"మూసేదానికి వాళ్ళబ్బ సొత్తా? అందరమూ కాగితాలు పట్టుకుని కూకుందాం రా అక్కా," అంది పూలమ్మే సొన్నమ్మ.

పాత పేపర్లు పంచుకున్నాము. అందరికీ చాలలేదు. అధికారి వచ్చేసరికి గది నిండా చదువే. (సొన్నమ్మ కళ్ళజోడు కూడా పెట్టుకుంది. అది ఆమె మామగారిది.)

ఆయన నా ముందు ఆగారు. "ఏమమ్మా, నీ పేపరు తలకిందులుగా ఉండాది?"

"ఎదురుగా సొన్నమ్మ ఉండాది కదప్పా. ఆయమ్మకు నేరుగా కనపడాల. ఒక కాగితం, ఇద్దరు చదివేది. పొదుపు!"

"భలే!" అని రాసుకున్నారు. ఆయన సందు మలుపు తిరిగేదాకా నవ్వు ఆపుకోలేక చచ్చాము.

వారానికి తలుపు మీద ఉత్తర్వు అంటించారు. ఇక్కడి సర్కారు భాష కన్నడంలో ఉంది, అయినా ఆ అక్షరాలు తెలుగుకు మేనత్త బిడ్డలే కదా. ఒత్తులు వదిలేసి, కూడబలుక్కుని నేనే చదివాను: "ఈ పేటలో ఆడవారందరూ చదువుకున్నవారని తనిఖీలో తేలింది. కనుక ఇకమీదట రీడింగు రూము అనవసరం."

నా ఒత్తులన్నీ ఆ ఉత్తర్వు మీదే నేర్చుకున్నాను. మా వీధిలో చదవడానికి మిగిలింది అదొక్కటే.

— పిల్లమ్మ, యాభై రెండేళ్ళు. ప్రస్తుతం ఉండేది నగర్తపేటలో, ఆ తలుపుకు ఎదురిల్లు.