రొట్టె పట్టుకుని కూర్చున్న వియ్యపురాలు

ఆ ఆదివారం ఫ్యూజుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాబోయే వియ్యపురాలిని పొద్దున్నే తమ పెద్ద చర్చికి తీసుకెళ్లాలి, మధ్యాహ్నం భోజనానికి కూర్చోబెట్టాలి, ఆవిడ చెయ్యి కడుక్కునేలోగా పెళ్లికి "సరే" అనిపించుకోవాలి. వీధి వీధంతా కరెంటు పోతే ఆయన్నే పిలుస్తారు కాబట్టి ఫ్యూజుగారన్న పేరు ఎప్పుడో స్థిరపడిపోయింది. చర్చిలో మైకులూ స్పీకర్లూ ఆయన అధీనమే. కూతురు ఇష్టపడిన కుర్రాడు బంగారం. కాకపోతే వాళ్లది హాల్లో కూడుకునే హాలు చర్చి.

రెండు చోట్లా దేవుడు ఒక్కడే, ఆరాధనలో పంచే ప్రభువు రొట్టె ఒక్కటే. గొడవంతా దాన్ని తినే పద్ధతిలో ఉంది. పెద్ద చర్చిలో ముందుకెళ్లి మోకరించాలి. పాదిరిగారు అరచేతిలో పెట్టగానే నోట్లో వేసుకోవాలి. వెనకాలే వచ్చే గిన్నెలోంచి అందరూ తలా ఒక గుక్క ద్రాక్షారసం తాగాలి. మాట్లాడే అధికారం పాదిరిగారొక్కరిదే. హాలు చర్చిలో ఎవరూ కుర్చీలోంచి లేవరు. సంఘపెద్దలే వరసల వెంట రొట్టెనీ బుల్లి బుల్లి గ్లాసుల్నీ అందిస్తారు. అందరూ పట్టుకుని కూర్చుంటారు. పెద్ద ఒకాయన "తినండి" అన్నాకే అంతా కలిసి తింటారు. ఆ మాటకి ముందే తిన్నవాణ్ణి తిండిపోతు కింద జమకడతారు. ఈ రెండో పద్ధతి ఫ్యూజుగారికి తెలీదు, మొదటిది వియ్యపురాలికి తెలీదు.

ఆవిడ ఆసుపత్రిలో హెడ్ నర్సు. "నా కొడుకు ఎలాంటి మనుషుల మధ్యకి వెళ్తున్నాడో కళ్లారా చూడాలి కదా అన్నయ్యగారూ. చూశాకే మాటిస్తాను" అని ముందే చెప్పేసింది.

అందుకే కూతురు తండ్రిని గుమ్మంలో ఆపింది. "నాన్నా, నీకు దణ్ణం పెడతాను. ఇవాళ ఒక్కరోజు నోరు విప్పకు."

"నేనేం మాట్లాడతానే? నా పని మైకులతో" అన్నాడాయన.

ఆ పనే ఆయన కొంప ముంచింది. ఆరాధనకి ముందు కొత్త కాలరు మైకుని తన చొక్కాకి తగిలించుకుని పరీక్షించాడు. అంతలో భార్య "వదినగారు వచ్చేశారు!" అని కేకేస్తే, మైకు తియ్యకుండానే పరుగెత్తాడు. ప్రసంగం మధ్యలో స్పీకర్లలోంచి ఒకటి రెండుసార్లు దగ్గు వినబడింది. పాదిరిగారు అది తనదే అనుకుని మంచినీళ్లు తాగారు.

రొట్టె వేళయింది. హెడ్ నర్సు అందరితోపాటు వెళ్లి మోకరించింది, రొట్టె తీసుకుంది. అంతవరకూ బాగానే ఉంది. ఇంతలో ఒకే గిన్నె ఒకరి మూతి నుంచి ఇంకొకరి మూతికి మారుతూ తనవైపు రావడం చూసింది. ఆసుపత్రిలో ఎవరైనా అలా చేస్తే ఆవిడ వాళ్లని ఆ వార్డులో ఉండనివ్వదు. చటుక్కున లేచి, రొట్టె అరచేతిలో పెట్టుకుని, వచ్చి తన చోట్లో కూర్చుంది. ఎవరో ఒకరు తినమనకపోతారా అని ఎదురుచూస్తోంది.

వరసల్ని చూసుకునే చర్చి వార్డెను అది చూశాడు. రొట్టె తినకుండా తీసుకెళ్లడం ఆ చర్చిలో కనీవినీ ఎరగని సంగతి. వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు. చందా కోసం కాబోలనుకుని ఆవిడ రెండో చేత్తో హ్యాండుబ్యాగు తెరిచింది. రొట్టె బ్యాగులో వేసేస్తోందని వార్డెను చేతులు రెండూ ఎత్తి పాదిరిగారికి సైగ చేశాడు. పాదిరిగారు గిన్నెతో సహా ఆగిపోయారు. ఏం చెయ్యాలో తోచక గాయకులు పాడిన పాటే మళ్లీ ఎత్తుకున్నారు. అదీ అయిపోయింది. ఇక చప్పుడు లేదు.

'అమ్మయ్య, ఇప్పుడు చెబుతారు' అనుకుంది హెడ్ నర్సు. ఆవిడ తినాలని చర్చి అంతా చూస్తోంది, చర్చి తినమనాలని ఆవిడ చూస్తోంది.

ఆవిడ వెనక వరసలోనే ఫ్యూజుగారు కూర్చున్నాడు. పెళ్లి సంగతి అటుంచి, అన్ని కళ్ల మధ్య ఆవిడ బిక్కమొహం వేసుకుని ఒంటరిగా కూర్చోవడం చూడలేకపోయాడు. ముందుకి వంగి గుసగుసగా అన్నాడు:

"చెల్లెమ్మగారూ, తినేయండి!"

ఆ గుసగుస చర్చిలో ఉన్న అన్ని స్పీకర్లలోంచీ గంభీరంగా దిగింది. హెడ్ నర్సు హాయిగా కళ్లు మూసుకుని తినేసింది. ముందు వరసలో కునుకు తీస్తున్న ముసలాయన "ఆమెన్" అన్నాడు. కూతురు తల పట్టుకుంది.

ఆరాధన ముగిశాక హెడ్ నర్సు తిన్నగా ఆయన దగ్గరికే వచ్చింది. "అన్నయ్యగారూ, మీరు సంఘపెద్ద అని ఒక్కమాట చెప్పలేదేం? ఇక్కడ పాదిరిగారు తప్ప పలకరించే మనుషులే ఉండరని భయపడ్డాను."

భార్య మోచేత్తో పొడుస్తున్నా ఆయన ఉండబట్టలేకపోయాడు. "నేను పెద్దనీ కాదు, గిద్దనీ కాదండీ. మైకు తియ్యడం మర్చిపోయాను. నాకు అక్కడ మాట్లాడే హక్కే లేదు."

"మరి ఎందుకు చెప్పారు?"

"మీరు ఒక్కరే అలా ఉండిపోయారు కదండీ."

"మా సంఘంలో పెద్దలు చేసే పనీ అదేనండీ" అంది. తర్వాత ఆయన కూతురి వైపు తిరిగి, "ఏమ్మా, మీ నాన్న ఇంట్లో కూడా ఇంతేనా? అయితే నాకు సరే" అంది. భోజనం దాకా కూడా ఆగలేదు. ఫ్యూజుగారికి ప్రాణం లేచొచ్చింది.

అప్పుడే పాదిరిగారు వచ్చారు. తిట్లు తప్పవనుకుని ఫ్యూజుగారు తల వంచాడు. పాదిరిగారు చెయ్యి చాపారు. ఫ్యూజుగారు కాలరు మైకు తీసి ఆ చేతిలో పెట్టాడు.

మరుసటి ఆదివారం కాబోయే అల్లుడుగారి హాలు చర్చికి వెళ్లారు. ఫ్యూజుగారికి బుల్లి గ్లాసు అందించారు. అందుకోగానే ఆయన గుటుక్కున తాగేసి, ఖాళీ గ్లాసు వెనక్కిచ్చి, గిన్నె ఎప్పుడొస్తుందని పక్కాయన్ని అడిగాడు.