ఎవడిదో మొండివాడి మెడ

నన్ను తాత అన్నాడు.

అన్నవాడి నెత్తిమీద ఒక్క వెంట్రుక లేదు. పాస్‌పోర్టు ఫొటో కోసం మా స్టూడియోకి వచ్చి, స్టూలు మీద దర్జాగా కూర్చుని, "తాతగారూ, ముక్కు పక్కన ఈ మచ్చ కాస్త కనబడకుండా చెయ్యండి" అన్నాడు. నాకింకా యాభై అయిదు నిండలేదు. వాడికి ఎప్పుడు నిండాయో వాడి గుండునే అడగాలి. నేను వేసిన లైటు ఆ గుండు మీద పడి, తిరిగొచ్చి నా కంట్లోనే పొడుస్తోంది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. వెళ్తూ వెళ్తూ కౌంటరు దగ్గర ఆగి మా ఆవిణ్ణి, "ఫొటోలు ఎప్పుడిస్తారమ్మాయ్?" అని అడిగాడు. నేను తాతనట, నా పెళ్లాం అమ్మాయట. ఆవిడ నాకంటే మూడేళ్లే చిన్న.

"ఎల్లుండి రండి. తాతగారు తొందరగా చెయ్యలేరు" అంది మా ఆవిడ, తలెత్తకుండా.

మీరే చెప్పండి, ఒళ్లు మండదా? ఈ ఊళ్లో సగంమందికి వయసు తగ్గించింది నేను. ఏడో తరగతిలో బడి మానేసి కెమెరా పట్టుకున్నవాణ్ణి. కంప్యూటరు వచ్చాక అదీ నేర్చుకున్నాను. దవడ కింద నున్నటి చర్మం ఎక్కడుందో చూసి, చిటికెడు నకలు తీసి, మచ్చ మీద అతికిస్తాను. మచ్చ పోతుంది, మనిషి మిగులుతాడు. పెళ్లిసంబంధానికి పంపిన ఫొటో చూసి మురిసిపోయి, మనిషిని చూసి మూర్ఛపోయినవాళ్లు కూడా ఉన్నారు.

కానీ అద్దంలో ఉన్నవాణ్ణి ఏ మౌసుతో తుడుస్తాం? మెడచుట్టూ పులిపిర్లు, చొక్కా తొడిగేటప్పుడల్లా కాలరుకు తగులుకుంటాయి. కణత మీద గోధుమరంగుది ఇంకోటి, ఎండుద్రాక్ష నమిలి ఎవరో అక్కడ అంటించినట్టు. దాన్ని డాక్టరుకు చూపించమని మా ఆవిడ ఏడాది కిందట ప్రాణం తీసింది. డాక్టరంటే ఎవరు? లేని రోగాన్ని పేరుపెట్టి పిలిచేవాడు. పిలిస్తే అది రాకుండా ఉంటుందా? ఆ మాటే చెప్పాను. కొన్నాళ్లకి అడగడం మానేసింది. అన్నం వడ్డిస్తూ మాత్రం నా మొహం వైపు కాక కణత వైపు చూసేది. పోనీలే, వాదనలో గెలిచాననుకున్నాను. మా ఆవిడతో గెలిచాననుకున్న ప్రతిసారీ నేను పడబోయే గొయ్యి పక్కనే ఉంటుంది.

మా వెనక వీధిలో ఈమధ్య మచ్చలూ పులిపిర్లూ తీసే అందాల క్లినిక్కు ఒకటి తెరిచారు. గుండువాడు తాత అన్న మర్నాడే అక్కడికి బయలుదేరాను. లెన్సుకు బూజు పట్టింది, తుడిపించుకొస్తానని ఇంట్లో చెప్పాను.

"ఏ లెన్సు?"

"పెద్దది."

"పెద్దది ఇక్కడే ఉందిగా."

"దాని లోపలిది."

మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "సరే. శుభ్రంగా తుడిపించుకు రండి. మూలలు కూడా" అంది.

క్లినిక్కులో కూర్చుంటే మింగేసే సోఫాలు. ఎదురుగా గోడమీద పెద్ద బోర్డు, దానిమీద రెండు మెడలు. ఒకదాని కింద 'ముందు' అని, రెండోదాని కింద 'తర్వాత' అని రాసి ఉంది. 'ముందు' మెడ చూసి మొహం పక్కకి తిప్పుకున్నాను. పాపం, వీడికన్నా నేనే నయం అనుకున్నాను. 'తర్వాత' మెడ మాత్రం వెన్నముద్ద. అది చూసే నావీ తీయించుకోడానికి ఒప్పేసుకున్నాను. నర్సమ్మ నా మెడకీ కణతకీ తెల్లటి మత్తు క్రీము దట్టంగా పూసి, చర్మం మొద్దుబారేదాకా కదలొద్దంది. సున్నం కొట్టిన గోడలా కూర్చున్నాను.

కూర్చున్నవాడికి పనేముంది? బోర్డే చూశాను. ఆ వెన్నముద్ద మీద, చెవి కింద చిన్న పుట్టుమచ్చ. కాస్త కిందికి వస్తే అదే పుట్టుమచ్చ, అచ్చం అదే వంకరతో. దేవుడు నకళ్లు తీయడు. నేను తీస్తాను. తొందరలో చర్మం నకలు తీస్తే, దాంతోపాటు మచ్చ కూడా వచ్చేస్తుంది.

అప్పుడు గుర్తొచ్చింది. రెండు నెలల కిందట మా ఆవిడ, మొహం లేకుండా మెడ ఒక్కటే ఉన్న ఫొటో నా ముందు పెట్టి శుభ్రం చెయ్యమంది. "ఎవడిదే ఈ మెడ, కాకరకాయలా ఉంది?" అని నవ్వాను కూడా. "ఎవడిదో మొండివాడిది. మీరు పని చూడండి" అంది.

నా పనితనం నాకే చూపించి నా మెడకే ఎసరు పెడతారా? నెత్తురు సలసల కాగింది. ఇంతలో 'ముందు' బొమ్మలో కాలరు కంటపడింది. నీలం గళ్లు, చిరిగినచోట తెల్లదారంతో కుట్లు. నీలం దారం అయిపోయిందని మా ఆవిడే వేసిన కుట్లు. మెల్లగా నా కాలరు తిప్పి చూసుకున్నాను. అవే గళ్లు, అదే దారం.

నలభయ్యేళ్లు ఊరందరి మెడలూ చూసినవాణ్ణి, నా మెడ నేను పోల్చుకోలేకపోయాను.

క్రీము కారుతూనే డాక్టరమ్మ గదిలోకి దూసుకెళ్లబోయాను. కౌంటరు వెనకనుంచి ఒక గుండు పైకి లేచింది. అదే గుండు, ముక్కు పక్కన అదే మచ్చ. "కూర్చోండి, తా..." అని నాలిక కరుచుకుని, "సార్" అన్నాడు.

"ఇది మోసం" అన్నాను, వాణ్ణి తప్పించుకుని లోపలికెళ్లి డాక్టరమ్మతో. "ఆ 'తర్వాత' వైద్యం కాదు."

"చేసింది మీరేగా" అందావిడ, చల్లగా.

ఆ తర్వాత ఆవిడ చెప్పిందంతా వింటూ నిలబడ్డాను. నేను కునుకు తీస్తుంటే మా ఆవిడ ఫొటోలు తీసి పట్టుకొచ్చిందట. మెడమీదవి ఉత్త పులిపిర్లే, కణతమీదది మాత్రం ఫొటోలో తేలదు, మనిషిని తీసుకురమ్మందట ఈవిడ. "రోగమంటే పారిపోతాడండీ. ముసలాడంటే మాత్రం పరుగెత్తుకొస్తాడు" అందట మా ఆవిడ. దాంతో గుండాయనను స్టూడియోకి పంపారు. బోర్డుకు బొమ్మ కావాలంటే, ఆ మెడే పెట్టుకోమని ధారపోసింది కూడా మా ఆవిడే.

"ఇవాళ్టితో బోర్డు నిజమైపోతుంది. కూర్చోండి" అంది డాక్టరమ్మ.

కూర్చోక ఏం చేస్తాను? ఆవిడ కణత తుడిచి, భూతద్దం పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. మా ఆవిడ అన్నం వడ్డిస్తూ ఇన్నాళ్లూ ఏం చూసిందో అప్పుడు తెలిసింది.

"భయం లేదు. హాని చేసేది కాదు. వయసుతో వచ్చేదే" అంది చివరికి. ఆఖరి మాట అనకపోయినా ఆవిడ సొమ్మేం పోయేది కాదు.

అన్నీ కాల్చి తీసేశారు. మెడనిండా చిన్న చిన్న పట్టీలతో ఇల్లు చేరాను.

"లెన్సు చూశారా? ఏమన్నారు?" అంది మా ఆవిడ, కౌంటరు దగ్గర ఫొటోలు కత్తిరిస్తూ.

"ఏమీ లేదన్నారు."

కత్తెర ఆగిపోయింది. పైటకొంగుతో మొహం తుడుచుకుని, "ఇక్కడంతా దుమ్ము. ఊడ్చమంటే ఊడ్చరు కదా" అని నామీదే విరుచుకుపడింది. ఆ పూట నేనే ఊడ్చాను.

చెప్పిన రోజుకు గుండాయన ఫొటోలకు వచ్చాడు. లోపలికి వస్తూనే, "ఏం తమ్ముడూ, బాగున్నావా? పెళ్లికొడుకులా ఉన్నావే" అన్నాడు. నా ఛాతీ రెండంగుళాలు పొంగింది. అంతలో చూశాను, మా ఆవిడ ఫొటోల కవరు వాడి చేతిలో పెట్టి, డబ్బులు అక్కర్లేదని చెయ్యి ఊపేసింది. తాతా ఆవిడదే, తమ్ముడూ ఆవిడదే.

వాణ్ణి గుమ్మందాకా సాగనంపాను. వాడు కవరు ఇంకా విప్పి చూసుకోలేదు కదా. ముక్కుకు కుడిపక్కనున్న మచ్చను నేను ముట్టుకోలేదు. నకలు తీసి ఎడమపక్కన ఇంకోటి అతికించాను.